రెండంగుళాల వదులు

తలుపు ముందు పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది.

టైలరమ్మ వంగి మూత ఎత్తి చూసింది. మెతుకు కదల్లేదు. పక్కన గ్లాసులో నీళ్ళు మాత్రం సగానికి తగ్గాయి. ఎప్పుడు తలుపు తీసిందో, ఎప్పుడు తాగిందో, ఎవరి కంటా పడకుండా ఆ పని కానిచ్చేసింది పిల్ల.

"నీళ్ళు తాగింది" అంది టైలరమ్మ, అదే పదివేలన్నట్టు.

"నీళ్ళతో ఎన్నాళ్ళు వదినా?" వెనక నిలబడ్డ మరదలు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "స్కూలు మానేసింది, డాన్సు మానేసింది, ఇప్పుడు తిండి. రేపు ఇంకేం మానేస్తుందో."

ఆ మాట అనేసి ఆవిడే భయపడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తలుపుకి లోపలి గడియ లేదు. టైలరమ్మ తమ్ముడు నిన్ననే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి ఊడదీశాడు. కిక్కిరిసిన బస్సుని సందుల్లో అవలీలగా తిప్పే చేతులు, ఆ కాసిని స్క్రూలు తీయడానికి నానా అవస్థా పడ్డాయి. ఇప్పుడు తోస్తే తలుపు తెరుచుకుంటుంది. కానీ తోసే ధైర్యం ఎవరికీ లేదు. నిన్న తోసినప్పుడు గువ్వ గోడవైపు తిరిగి, దుప్పటి నెత్తి మీదకి లాక్కుని, ఒకే ఒక్క మాట అంది.

"చూడకండి."

పరాయివాళ్ళని కాదు, కన్నవాళ్ళని అంది ఆ మాట. అది తలుచుకుని తమ్ముడు రాత్రంతా మెట్ల మీదే కూర్చున్నాడు.

"గువ్వా" అని పిలిచింది టైలరమ్మ, తలుపుకి చెంప ఆనించి. "నేనే, అత్తని. నాతో కూడా మాట్లాడవా?"

లోపల మంచం కిర్రుమంది. అంతే.

గువ్వ అసలు పేరు స్కూల్లో తప్ప ఎక్కడా పనికిరాలేదు. టైలరమ్మ తండ్రి, ఆ ముసలాయన, పోయేలోపు ఇద్దరు మనవరాళ్ళకీ పిట్టల పేర్లు పెట్టి మరీ పోయాడు. టైలరమ్మ కూతురు పుట్టిన దగ్గర్నుంచీ వాగుడుకాయ, కాబట్టి మైనా. తమ్ముడి కూతురు కూర్చోబెట్టిన చోటే బుద్ధిగా కూర్చునేది, కాబట్టి గువ్వ. ఇప్పుడు మైనాది పదో తరగతి, గువ్వది తొమ్మిది. ఒకటే స్కూలు, ఒకటే డాన్సు. కింది వాటా మైనా వాళ్ళది, పై వాటా గువ్వ వాళ్ళది. ఏ పిల్ల ఏ ఇంట్లో తిని ఏ ఇంట్లో నిద్రపోయిందో ఇన్నేళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు.

"దాని ఫోన్ ఎక్కడుంది?" అని అడిగింది టైలరమ్మ.

"లాక్కుని బీరువా మీద పడేశాను."

"తప్పు చేసింది అదా, దాని ఫోన్ లాక్కోవడానికి?"

"మరేం చెయ్యమంటారు? చేతిలో ఉంటే చూస్తూనే ఉంటుంది. చూసి ఏడుస్తుంది. ఏడ్చి మళ్ళీ చూస్తుంది."

"రేపు మళ్ళీ ఎవరైనా ఏడిపిస్తే నీకు చెప్తుందా? చెప్తే ఉన్నది లాక్కుంటారని తెలిశాక?"

మరదలు బిక్కమొహం వేసింది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఎవరైనా ముందుగా నేర్పి ఉంటే కదా! టైలరమ్మకి జాలేసింది.

"సరే, ఇలా తే. పిల్ల మీద రాస్తున్న ఆ పేజీ ఏదో నేనూ చూస్తాను."

"వద్దు వదినా. మీరు తట్టుకోలేరు."

"పొద్దున తమ్ముడు వెళ్తూ ఏమన్నాడు? 'అక్కా, డాన్సు పిల్లలంతా నీ కొట్టుకే వస్తారు, ఎవరో నువ్వే కూపీ లాగాలి' అన్నాడా లేదా? నేనేమన్నాను? దొరకనీ, చేతులు విరగ్గొడతానన్నాను. చూడకుండా ఎలా కనిపెట్టను?"

తమ్ముడు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ పిల్ల ఎవరైనా సరే, దాని అమ్మానాన్నల్ని నడిరోడ్డు మీద నిలబెట్టి అడుగుతానన్నాడు. డ్యూటీకి సెలవు పెట్టాడు. పేజీలో రాసినవన్నీ కాగితాల మీద తీయించుకున్నాడు. స్కూలుకి వెళ్ళి, అక్కణ్ణుంచి పోలీసుల దగ్గరికి వెళ్ళి, పొద్దుగూకే లోపు వస్తానన్నాడు.

ఫోన్ చేతికొచ్చింది. మరదలు ఎక్కడో నొక్కి, మొహం పక్కకి తిప్పుకుంది.

పేజీ పేరు 'డేరా'. కింద గువ్వ ఫొటో. డాన్సు నేర్చుకుంటుండగా, వెనక నుంచి, పిల్లకి తెలియకుండా తీసింది. పక్కన సర్కసు డేరా బొమ్మ అతికించారు. ఆ కింద వరసగా పళ్ళికిలించే పసుప్పచ్చ మొహాలు.

'స్టేజీ విరిగితే ఎవరిది బాధ్యత?'

'ఇది ముందు నిలబడితే వెనకవాళ్ళకి సెలవే.'

'నువ్వు లేకపోతే భూమికి కాస్త బరువు తగ్గుతుంది.'

ఎక్కువమంది పళ్ళు ఇకిలించింది ఆ చివరిదానికే.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మొన్నటిదాకా తన బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని, "ఆంటీ, చేతులు కొంచెం పొట్టిగా పెట్టండి" అని గారాలు పోయిన పిల్లలే కదా వీళ్ళంతా! వీళ్ళకా తను రాత్రింబవళ్ళు కూర్చుని గౌన్లు కుట్టింది?

వేలు ఇంకొంచెం కిందకి జరిపింది.

కొలత టేపు బొమ్మ. దాని కింద ఒకే ఒక్క లైను. 'తాజా వార్త. డేరా నడుము ముప్ఫై నాలుగు.'

వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏంటి వదినా?" మరదలు దగ్గరికొచ్చింది. "ఎవరో తెలిసిందా?"

టైలరమ్మ ఫోన్ ఆవిడ వైపు చాపింది.

"ఊహూ" అంది.

ఆమెకి కడుపులో మాట దాగదని వీధిలో అందరికీ తెలుసు. మరదలికి మాత్రం అప్పుడు ఏ అనుమానమూ రాలేదు. ఫోన్ తీసుకుని మళ్ళీ బీరువా మీద పెట్టబోయి, ఏమనుకుందో, గువ్వ తలుపు ముందు పళ్ళెం పక్కన పెట్టింది.

---

టైలరమ్మ మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయింది.

ఎదిగే పిల్లలకి టేపు చూపించినదానికంటే రెండంగుళాలు ఎక్కువ పలకడం ఆమె పద్ధతి. మిగతా టైలర్లు ఉన్న కొలత ఉన్నట్టు రాసుకుని, కత్తిరించేటప్పుడు వదులు కలుపుతారు. ఈమె అలా కాదు, నోటితోనే కలిపేస్తుంది. ఇరవై అయితే ఇరవై రెండు అంటుంది. పక్కన నిలబడ్డ మైనా, తల్లి పలికిన అంకెని సుద్దముక్కతో గుడ్డ మూల రాస్తుంది. అమ్మ నోరు, కూతురి చెయ్యి. చిన్నప్పటి నుంచీ అలాగే నడుస్తోంది.

మొదటిసారి డాన్సు పిల్లలందరూ స్టేజీ గౌన్ల కొలతలకి కలిసి వచ్చారు. ఆ రోజు గువ్వ నడుము ముప్ఫై ఆరు అని పలికింది. అందరూ విన్నారు.

పోయిన వారం గువ్వ ఒక్కతే వచ్చింది. చెవి దగ్గర నోరు పెట్టి, "అత్తా, ఇంకోసారి కొలుస్తావా? తలుపేసి" అంది. లోపల గదిలోకి తీసుకెళ్ళి కొలిచింది. టేపులో ముప్ఫై రెండు. నోటికి అలవాటైన ప్రకారం ముప్ఫై నాలుగు అంది. ముప్ఫై ఆరు నుంచి ముప్ఫై నాలుగుకి దిగానని గువ్వ మొహం చేటంత అయింది. ఎందుకు తగ్గిందో అడగాలని టైలరమ్మకి తోచనే లేదు. గౌను మళ్ళీ విప్పి కుట్టాలే అన్న విసుగు ఒక్కటే గుర్తుంది.

ఆ గదిలో ముగ్గురే ఉన్నారు. కొలిచింది తను, కొలిపించుకుంది గువ్వ.

రాసింది మైనా.

ఇంకెవరైనా టేపు పెట్టి కొలిచినా ఇప్పుడు ఆ పిల్ల ఒంటి మీద ముప్ఫై నాలుగు దొరకదు. ఆ అంకె తన నోట్లో పుట్టింది, మైనా చేతికి వెళ్ళింది. మూడో దారి లేదు.

కాదేమో అనుకోవడానికి టైలరమ్మ శతవిధాలా ప్రయత్నించింది. చివరికి మెట్ల పక్క ఊచ పట్టుకుని లేచింది.

---

కింది వాటాలో ముందు గదే కొట్టు. గోడకి నీలం గౌన్లు వరసగా వేలాడుతున్నాయి. మైనా కత్తిరింపుల బల్ల దగ్గర నిలబడి ఒక గౌనుకి హుక్కులు కుడుతోంది. స్కూలు నుంచి రాగానే అడగకుండా పనందుకుంటుంది ఆ పిల్ల. వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి మురిసిపోవడం టైలరమ్మకి అలవాటు.

టైలరమ్మ వీధి తలుపు వేసింది.

"ఇంత పెందరాళే మూసేస్తున్నావేంటమ్మా? గువ్వ తిన్నదా?"

"గువ్వ గౌను ఏది?"

"అదిగో, ఆ చివర్న."

"నడుము ఎంత రాశావు?"

"ముప్ఫై నాలుగు." సూదిలో దారం ఎక్కిస్తూ అంది మైనా.

"ఆ కొలత తీసినప్పుడు గదిలో ఎవరెవరం ఉన్నాం?"

దారం సూది బెజ్జం తప్పిపోయింది. మైనా మళ్ళీ ఎక్కించబోయింది. మళ్ళీ తప్పింది.

"చెప్పవే."

"నువ్వు... నేను... గువ్వ."

"తలుపు?"

"వేసి ఉంది."

"మరి ఆ ముప్ఫై నాలుగు ఫోన్లోకి ఎలా పోయింది?"

వాగుడుకాయ అని పేరు పెట్టించుకున్న పిల్ల, పెదవులు బిగించి నిలబడింది. చేతిలో గౌను నలిగిపోతోంది.

టైలరమ్మ ఆ చేతుల వంక చూసింది. వేళ్ళ చివర సూది గుచ్చుకున్న గుర్తులు. గోళ్ళలో సుద్ద. పొద్దున తమ్ముడికి మాటిచ్చింది, విరగ్గొడతానని. ఈ చేతుల గురించేనా?

"ఎందుకే?" అంది.

"ఒక్కటే పెట్టానమ్మా. మొదట ఒక్కటే."

"ఎందుకని అడిగాను."

మైనా కళ్ళు నిండాయి. "నేను చిన్నప్పటి నుంచీ ఆడుతున్నాను. అది ఈ ఏడే చేరింది. మేడమ్ దాన్ని ముందు వరసలో మధ్యన నిలబెట్టి నన్ను వెనక్కి పంపించింది. నిన్న వచ్చిన దానికి చోటిచ్చి పోయిందని అందరూ నన్ను చూసి నవ్వారు. ఏడుపొచ్చింది. అందుకని ఆ ఫొటో పెట్టాను. పెట్టగానే అందరూ నా వైపు తిరిగిపోయారమ్మా. ఎంత బాగా రాశావే అన్నారు. ఇంకోటి పెట్టు, ఇంకోటి పెట్టు అన్నారు."

"పెడుతూ పోయావు."

"అది స్కూలు మానేసిన రోజే ఆపేశాను. ఒట్టు. ఆ బరువు తగ్గుతుందన్నది నేను రాయలేదు. పాస్‌వర్డ్ ఇంకో ఇద్దరికిచ్చాను. వాళ్ళు ఆపడం లేదు. పేజీ తీసేద్దామంటే, తీశావంటే ఇంట్లో నీ పేరు చెప్పేస్తాం అంటున్నారు."

"అది నీ మామయ్య కూతురే! నీ పక్కలో పడుకుని పెరిగిన పిల్లే! నిన్న రాత్రి పైకి వెళ్ళి దాని తలుపు దగ్గర కూర్చుని ఏడ్చావు కదే, ఆ ఏడుపేంటి మరి?"

"అది నిజం ఏడుపే" అంది మైనా.

టైలరమ్మ మిషను ముందు స్టూలు మీద కూలబడింది. నిజమే అయి ఉంటుంది. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"డేరా అని పేరు పెట్టడానికి నీకు నోరెలా వచ్చిందే?"

మైనా తల ఎత్తింది. తల్లికి నిజంగానే గుర్తులేదా, నటిస్తోందా అన్నట్టు చూసింది.

"నేను పెట్టలేదమ్మా. నువ్వే పెట్టావు."

"నేనా?"

"మొదటి రోజు. అందరం ఇక్కడే ఉన్నాం. దాని నడుముకి టేపు చుట్టి, 'నీకు గౌను కాదే గువ్వా, డేరా కుట్టాలి' అన్నావు. అందరూ పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి స్కూల్లో అదే పేరు."

టైలరమ్మకి గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. రోజుకి అలాంటివి ఎన్నంటుందో ఆమెకే తెలియదు. సన్నగా ఉన్న పిల్లని సూది అంటుంది, పొట్టి పిల్లని దారం చుట్టే బాబిన్ అంటుంది. నవ్విస్తూ కొలతలు తీస్తుందనే పిల్లలంతా ఈ కొట్టుకి ఎగబడతారు. అనేసి ఆమె అక్కడే మర్చిపోయింది. విన్నవాళ్ళు జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళారు.

"నువ్వంటే ముద్దు, నేనంటే నేరమా?" అంది మైనా. పొగరుగా కాదు. తెలియకే అడిగింది.

"నేనన్నదీ తప్పే. కానీ నేనన్నప్పుడు అదీ నవ్వింది. ఇంటికెళ్ళి అన్నం తింది." ఆ మాటని టైలరమ్మ గట్టిగా పట్టుకుంది. పట్టుకోవడానికి అదొక్కటే దొరికింది.

లోపలి గుమ్మంలో చప్పుడైంది. మైనా నాన్న నిలబడి ఉన్నాడు. లిఫ్టు మెకానిక్కు. పొద్దున డ్యూటీ దిగి వచ్చి పడుకున్నవాడు ఎప్పుడు లేచాడో, మొత్తం విన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వు" అన్నాడు కూతురితో.

"ఎందుకు?" అంది టైలరమ్మ.

"ఎందుకేంటి? నీళ్ళలో పడేస్తాను. పోయిందని చెప్దాం. ఆ మిగతా ఇద్దరే చేశారని తేలుతుంది."

"తేలుతుందా?"

"నిదానంగా మాట్లాడు. పైకి వినిపిస్తుంది."

"వినిపించాలనే ఉంది నాకు."

"నీకు పిచ్చెక్కిందా?" ఆయన గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. "మీ తమ్ముడు పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. స్కూల్లో పేరెంట్స్ మీటింగు పెట్టి దీన్ని నిలబెడతారు. స్కూలంతా దీని మీద పడుతుంది. ఇవాళ గువ్వ మీద రాసినవాళ్ళే రేపు దీని మీద రాస్తారు. అప్పుడు ఇదీ తలుపేసుకుంటే? తిండి మానేస్తే? గడియ ఊడదీసి నువ్వు కూర్చుంటావా మెట్ల మీద?"

అదేమీ లేనిపోని భయం కాదు. తప్పు చేసిన పిల్లని పీక్కు తినడం ఆ తప్పు కంటే సరదాగా ఉంటుంది కొందరికి. ఆమెకి తెలుసు.

మైనా ముక్కు చీదుకుంది.

"ఫోన్ పడేస్తే ఇందులోంచి దీని పేరు పోతుంది" అంది టైలరమ్మ. "గువ్వ మీద రాసింది పోతుందా?"

"అది నెమ్మదిగా మర్చిపోతారే."

"ఎవరు మర్చిపోతారు? నేను మర్చిపోయాను. గువ్వ మర్చిపోయిందా?"

ఆయన గోడకి ఆనుకున్నాడు. "నీ కూతురు కంటే నీకు తమ్ముడి కూతురు ఎక్కువైందా?" అన్నాడు. అనకూడని మాటని ఆయనకీ తెలుసు. అందుకే ఆమె వంక చూడకుండా అన్నాడు.

టైలరమ్మ లేచింది. బల్ల మీదున్న మైనా ఫోన్ తీసుకుని, ఏదీ చెరపకుండా, ఆపకుండా, ఉన్నది ఉన్నట్టు తన చేతి సంచిలో వేసుకుంది. "మైనాని నేను వదిలేయడం లేదు. మీటింగులో నిలబెడితే పక్కన నేనూ నిలబడతాను. డేరా అన్నది నేనేనని ముందు నేనే చెప్తాను. కానీ మామయ్యకి పోలీసులు చెప్పేలోపు మనం చెప్పాలి. గువ్వకి అంతకంటే ముందు చెప్పాలి."

"నాకు భయంగా ఉందమ్మా" అంది మైనా.

"నాకూ ఉంది. పద."

ఆయన అడ్డం రాలేదు. అలాగని పక్కకీ జరగలేదు. ఇద్దరూ ఆయన్ని ఒరుసుకుంటూ వెళ్ళారు.

---

మరదలు వంటింట్లో ఉంది. లోపల కుళాయి చప్పుడు వినిపిస్తోంది. గువ్వ తలుపు ముందు పళ్ళెం అలాగే ఉంది. ఫోన్ లేదు.

"గువ్వా" అంది టైలరమ్మ. "నీతో ఒక మాట చెప్పాలి. తలుపు తీయక్కర్లేదు. విను చాలు."

లోపల ఊపిరి చప్పుడు తలుపు దగ్గరికి వచ్చినట్టు అనిపించింది.

"మైనా ఉందా నీతో?" అంది గువ్వ. ఎన్నాళ్ళకో విన్న గొంతు.

"ఉంది."

"తెలుసు అత్తా."

"ఏం తెలుసు?"

"ముప్ఫై నాలుగు చూసినప్పుడే తెలిసింది. నేనెవరికీ చెప్పలేదు. తగ్గానని అమ్మకి కూడా చెప్పలేదు. ఇంకా తగ్గాక చెప్దామనుకున్నాను."

మైనా తన తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అది నిజం కొలత కూడా కాదే తల్లీ" అంది టైలరమ్మ గబగబా. "అందులో రెండంగుళాలు నావి. ఎదిగే పిల్లలకి నేను కలిపి పలుకుతాను. అసలు నీది ముప్ఫై రెండే."

"ముప్ఫై రెండు అని పెట్టి ఉంటే నవ్వేవాళ్ళు కాదా?"

టైలరమ్మ తలుపుకి అరచెయ్యి ఆనించింది.

"తెలిసినప్పుడు నాన్నకి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నీకు తెలిసే రాస్తోందనుకున్నా."

"నాకా?"

"డేరా అన్నది నువ్వు కదా. మీరిద్దరూ రోజూ కింద కూర్చుని చూసుకుని నవ్వుకుంటున్నారేమో అనుకున్నా" అంది గువ్వ. "నువ్వన్న రోజు నేను కూడా నవ్వాను. అందరూ నవ్వుతుంటే ఏం చెయ్యాలో తెలియక. ఆ రాత్రి నుంచే సగం తిని లేచిపోతున్నాను. ఇంట్లో ఎవరూ చూడలేదు."

కింద తను గట్టిగా పట్టుకున్న ఆ ఒక్క మాటా జారిపోయింది. ఇంటికెళ్ళి అన్నం తిన్నదట! టైలరమ్మ తలుపుకి నుదురు ఆనించి ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం ఆమెకి రాదు.

ఏడుపు మధ్యలో మైనా చెయ్యి బిగుసుకుంది. టైలరమ్మ తిరిగి చూసింది.

మెట్ల మధ్యలో తమ్ముడు ఆగిపోయి ఉన్నాడు. ఒక చేతిలో చెప్పులు. పాప నిద్రపోతోందేమోనని అడుగు చప్పుడు కాకుండా ఎక్కి వస్తున్నట్టున్నాడు. ఇంకో చేతిలో కాగితాల కట్ట. అక్కని చూడలేదతను. మైనానే చూస్తున్నాడు.

"అక్కా" అన్నాడు. "పాప ఏమంటోంది?"

అబద్ధం చెప్పడానికి ఇంకా చోటుంది. కుళాయి చప్పుడు ఆగింది. మరదలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఆ పేజీ మొదలుపెట్టింది మన మైనా" అంది టైలరమ్మ. "డేరా అన్నది నేను. అమ్మానాన్నల్ని నడిరోడ్డు మీద నిలబెడతానన్నావు కదరా. నిలబెట్టు."

తమ్ముడి చేతిలోంచి చెప్పులు జారి మెట్ల మీద దొర్లుకుంటూ కిందదాకా పోయాయి. అతను రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు. మైనా తన తల్లి వెనక దాక్కోలేదు. కళ్ళు మూసుకుని, చెంప ఇచ్చి నిలబడింది. తమ్ముడి చెయ్యి లేచింది.

తలుపు తెరుచుకుంది.

గువ్వ బయటికొచ్చింది. ఒంటి చుట్టూ దుప్పటి, చేతిలో ఫోన్, కళ్ళు వాచిపోయి. చిక్కిపోయిన మొహం చూసి తల్లి నోట్లోంచి చిన్న కేక వచ్చింది.

"కొట్టకు నాన్నా" అంది గువ్వ. "కొడితే అందరూ దానికోసం ఏడుస్తారు."

తమ్ముడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మైనా కళ్ళు తెరిచింది. నలుగురూ గువ్వనే చూస్తున్నారు. చూడకండి అనలేదు ఆ పిల్ల. ఎవరి వంకా చూడకుండా వచ్చి అత్త ముందు నిలబడింది.

"ఆ ఇద్దరూ ఇప్పుడే ఇంకోటి పెట్టారు" అని ఫోన్ చాపింది. "నువ్వు చెప్పు అత్తా. ఇప్పుడేం చేస్తావు?"

ఎంతమందికి ఎన్ని పేర్లు పెట్టిందో లెక్కలేని టైలరమ్మ, ఈసారి మాట అనకుండా, చెయ్యి చాపి ఆ ఫోన్ అందుకుంది.